సర్కారు ఇల్లు అమ్మితే మళ్ల కట్టుడు ఎంత కష్టమో వేల్స్‌ను అడుగుండ్రి

పోయిన చలికాలంల మా దిక్కు తమ్ముడొకడు కార్డిఫ్ నుంచి ఫోన్ చేసిండు. ఆడ మాస్టర్స్ చదువుతుండు. రాత్రి డ్యూటీ చేసుకొని రూముకు వచ్చి నిద్ర పట్టక చేసినట్టున్నడు. బాగోగులు అయినంక అడిగిండు: "అన్నా, ఈడ సర్కారు ఇండ్లు మస్తున్నయి. మా రూము ఎదురుంగ లైనుకు లైను అవే. మనసోంటోళ్లకు గిట్ల దొరుకుతయా? ఇంకోటి అన్నా, సర్కారు ఇల్లు అంటున్నరు గని అండ్ల ఉన్నోళ్లు నెల నెల కిరాయి కడుతున్నరు. సర్కారు ఇల్లయితే కిరాయి ఎందుకు?"

మొదటి దానికి జవాబు అల్క. దొరకది. స్టూడెంట్ వీసా మీద, వర్క్ వీసా మీద పోయినోళ్లకు ఆ దేశం సర్కారు ఇచ్చే సాయాలు అందవని వీసా షరతులల్లనే రాసి ఉంటది. సర్కారు ఇండ్లు కూడా ఆ లెక్కలకే వస్తయి. బ్రోకర్ ఎవడన్న "అప్లై చేపిస్త" అని పైసలడిగితే నమ్మకుండ్రి.

రెండో ప్రశ్న నన్ను పట్టుకున్నది. పదో తరగతి కాడనే బడి బంద్ పెట్టినోణ్ని, ఇంగ్లిష్ డిక్షనరీ పక్కన పెట్టుకొని చదివే మనిషిని. రెండు నెలలు ఇదే చదివిన. చదివినకొద్ది అది మన ముచ్చటనే అనిపించింది. ఎందుకంటే నేను పుట్టింది బొగ్గు బాయి క్వార్టర్‌ల. నాయిన నౌకరీ ఉన్నన్ని రోజులు ఇల్లున్నది. రిటైర్ అయిన ఏడు సామానంత డీసీఎంల ఏసుకొని కిరాయి ఇంటికి పోయినం. నాయిన ఆ దినం క్వార్టర్ గోడకు చెయ్యి ఆనిచ్చి చానసేపు నిలబడ్డడు. ముప్పై ఏండ్లు ఉన్న ఇల్లు, గని మనది కాదు. అందుకనే తర్వాత నేను ఏ ఇండ్ల కొట్లాటల ఉన్నా "పట్టా ఇయ్యాలె" అనేదే నా మొదటి డిమాండు. వేల్స్ గురించి చదివినంక ఆ డిమాండు మీద నాకే అనుమానం పుట్టింది. ఆ అనుమానమే ఇయ్యాల మీ ముందట పెడుతున్న.

ముందుగాల వేల్స్ అంటే ఏందో చెప్పుకుందాం. బ్రిటన్‌ల ఇంగ్లండ్‌కు పడమటి దిక్కు ఉంటది. జనం 31 లక్షలు, మన హైదరాబాదుల మూడో వంతు కూడా కాదు. వాళ్లకు సొంత భాష ఉన్నది, ఆ భాషల దేశం పేరు కమ్రి. 1999 నుంచి కార్డిఫ్‌ల సొంత అసెంబ్లీ, దాన్ని ఇప్పుడు సెనెద్ అంటరు. ఇండ్లు, బడులు, దవాఖానలు సెనెద్ చేతిల ఉంటయి. పింఛన్లు, పేదోళ్ల భత్యాలు మాత్రం లండన్ చేతిల. ఈ ముక్క యాది పెట్టుకోండ్రి, మళ్ల పని పడతది.

దక్షిణాన లోయలన్నీ బొగ్గు బాయిలే ఉండె. ఇప్పుడు బాయిలు మూసిన్రు, లైన్ల ఇండ్లు మిగిలినయి. ఫోటోల చూస్తే మా క్వార్టర్ల లైన్లే యాదికొచ్చినయి. గోడకు గోడ ఆనుకొని, గుట్ట వాలు మీద ఒకదాని వెనుక ఒకటి.

ఆ లోయలల్ల ట్రెడీగర్ అనే ఊళ్లె 1897ల అన్యూరిన్ బెవన్ పుట్టిండు. 13 ఏండ్లకే బాయిల దిగిండు. కార్మికులు చందాలేసుకొని పెట్టుకున్న లైబ్రరీల పుస్తకాలు చదివి నాయకుడైండు. 1945ల బ్రిటన్ ఆరోగ్య మంత్రి అయిండు. 1948ల అందరికీ ఉచిత వైద్యం తెచ్చినోడుగ ఆయన పేరు మీరు వినే ఉంటరు. గని అప్పుడు ఇండ్ల శాఖ కూడా ఆరోగ్య మంత్రి కిందనే ఉండె. యుద్ధంల కూలిన దేశం, ఇటుక లేదు, కట్టె లేదు. చిన్నగ కడితే ఎక్కువ ఇండ్లు అయితయి గదా అని అందరు ఒత్తిడి పెట్టిన్రు. ఆయన ఒప్పుకోలే. కూలోడి ఇల్లు కూడా 900 చదరపు అడుగులు ఉండాలె, కింద ఒకటి, మీద ఒకటి మరుగుదొడ్డి ఉండాలె అన్నడు. మన డబుల్ బెడ్రూం ఇల్లు 560 అడుగులు. ఎనభై ఏండ్ల కింద ఒక బొగ్గు కార్మికుడు పేదోని ఇంటికి గీసిన గీత అది.

ఆ ఇండ్లు ఎవలకూ పట్టా ఇయ్యలే. కౌన్సిల్ కడతది. కౌన్సిల్ అంటే మన మున్సిపాలిటీ, జిల్లా పరిషత్తు కలిపినట్టు అనుకోండ్రి. తక్కువ కిరాయికి ఇస్తది, కిరాయి కడుతున్నన్ని రోజులు వెళ్లగొట్టది. కారితే కౌన్సిలే బాగు చేయిస్తది. ఆ కుటుంబానికి అవసరం తీరినంక ఇల్లు ఇంకో పేద కుటుంబానికి పోతది. అంటే ఒక్క ఇల్లు నూరేండ్లల్ల నాలుగైదు కుటుంబాలను సాకుతది. దీన్నే సోషల్ హౌసింగ్ అంటరు. తమ్ముడి ప్రశ్నకు జవాబు ఇదే: కిరాయి ఎందుకంటే, ఆ కిరాయి పైసలతోనే రిపేర్లు అయితయి, ఆ పైసలు చూపిచ్చే కొత్త ఇండ్లకు అప్పు తెస్తరు.

ఇప్పుడు ఆ ఇండ్లు కౌన్సిళ్ల దగ్గరనే లేవు. 22 కౌన్సిళ్లుంటే 11 మాత్రమే తమ ఇండ్లు తమ దగ్గర పెట్టుకున్నయి. మిగిలిన 11 కౌన్సిళ్లు 2003 నుంచి 2011 మధ్యల తమ ఇండ్లన్నీ హౌసింగ్ అసోసియేషన్లకు అప్పజెప్పినయి. ఇవి లాభం పంచుకోని సంస్థలు. సర్కారు కొంత గ్రాంటు ఇస్తది, మిగిలింది బ్యాంకుల కాడ తెచ్చుకుంటయి. ఇవి సర్కారువా, ప్రైవేటువా అని వాళ్ల లెక్కల ఆఫీసుకే అనుమానం వచ్చి, 2016ల సర్కారు ఖాతాల వేసింది. అట్లయితే వీటి అప్పు సర్కారు అప్పయితది గదా. అందుకని 2018ల మళ్ల చట్టం మార్చి బయటికి తీసిన్రు. కాయితాల ఆటలు మన దగ్గరనే ఉంటయని అనుకోకుండ్రి. రెండూ కలిపి ఇప్పుడు వేల్స్‌ల 2 లక్షల 30 వేలకు పైన సోషల్ ఇండ్లున్నయి. ఆరు కుటుంబాలల్ల ఒక కుటుంబం అండ్లనే ఉంటది.

ఇగ అసలు దెబ్బ కాడికి వద్దాం. 1980ల థాచర్ సర్కారు ఒక చట్టం తెచ్చింది. కౌన్సిల్ ఇంట్ల మూడేండ్లు కిరాయికి ఉన్నోళ్లు ఆ ఇల్లు కొనుక్కోవచ్చు. ధరల మూడో వంతు నుంచి సగం దాకా తగ్గింపు. చెప్పుండ్రి, ఎవలు వద్దంటరు? నేనుంటే నేనూ కొంటుంటి. మా నాయినకు క్వార్టర్ సగం ధరకు ఇస్తమంటే అప్పు చేసైనా కొంటుండె. కొన్నోళ్లను తప్పు పట్టేది లేదు. వాళ్ల బతుకులు నిజంగనే నిలబడ్డయి, పిల్లలకు ఆస్తి మిగిలింది.

తప్పంత ఏడున్నదంటే, అమ్మిన ఇంటి జాగల కొత్త ఇల్లు కట్టనియ్యలే. అమ్మితే వచ్చిన పైసల మీద లండన్ ఆంక్షలు పెట్టింది. 1981 నుంచి 2016 దాకా వేల్స్‌ల 1,39,100 ఇండ్లు అమ్ముడు పోయినయి. 1981ల ఉన్న సోషల్ ఇండ్లల్ల ఇది 45 శాతం. అమ్ముడు పోయినవాట్ల మంచి ఇండ్లు ముందుగాల పోయినయి. పెరడు ఉన్నవి, టౌనుకు దగ్గరున్నవి. తర్వాత కొన్నోళ్లు ఇంకొకలకు అమ్మిన్రు. అట్ల కొన్ని ఇండ్లు ప్రైవేటు ఓనర్ల చేతికి చేరినయి. కౌన్సిల్ కట్టిన అదే ఇంట్ల ఇప్పుడు ఇంకో పేద కుటుంబం ఎక్కువ కిరాయికి ఉంటది. ఆ కిరాయికి మళ్ల సర్కారే భత్యం ఇస్తది. అమ్మినోడే కిరాయి కడుతున్నడన్నట్టు.

ఇంకో ముచ్చట చెప్త, ఇది చదివినప్పుడు నాకు కడుపు మండింది. బ్రిటన్‌ల పాత పద్ధతి ఒకటుండె. వేల్స్ కౌన్సిళ్లు తమ ఇండ్ల మీద వచ్చిన కిరాయిలల్ల నుంచి ఏడాదికి సుమారు 7.3 కోట్ల పౌండ్లు లండన్ ఖజానాకు పంపాలె. లోయల కిరాయి కట్టిన ముసలవ్వ పైసలు, ఆమె ఇంటి కప్పు కారుతుంటే, లండన్‌కు పోవుడు. 2015 ఏప్రిల్‌ల ఇది బంద్ అయింది. ఉత్తగ బంద్ కాలే. విడుదల కావాల్నంటే 11 కౌన్సిళ్లు కలిసి 91.9 కోట్ల పౌండ్లు అప్పు తెచ్చి ఖజానాకు ఒక్కసారి కట్టాలె. కట్టిన్రు. ఆ అప్పు కిస్తీలు ఇంకా కిరాయిలల్ల నుంచే పోతున్నయి. నిధులు ఏడికి పోతున్నయని కొట్లాడిన గడ్డ మీద పుట్టినోళ్లకు ఇది విడమర్చి చెప్పాల్నా?

వేల్స్ సర్కారు 2018ల చట్టం చేసి, 2019 జనవరి 26తో ఇండ్లు అమ్ముడు పూర్తిగ ఆపింది. స్కాట్లండ్ అంతకు ముందే ఆపింది. ఇంగ్లండ్‌ల ఇంకా నడుస్తున్నది. ఆపుడు అయితే ఆపిన్రు గని, నలభై ఏండ్ల బొక్కను ఒక్క చట్టం పూడ్చదు గదా.

ఇప్పుడు బొక్క ఎంతున్నదంటే, 2023ల తీసిన లెక్కల ప్రకారం వెయిటింగ్ లిస్టులల్ల సుమారు 90 వేల కుటుంబాలున్నయి. మొత్తం కుటుంబాలే 13 లక్షల చిల్లర. అంటే పదిహేనింటికి ఒక కుటుంబం లైన్ల నిలబడ్డట్టు. ఆ లైన్ల నిలబడే తాకత్ కూడా లేక, ఇల్లు పోయి, కౌన్సిల్ చూపిచ్చిన తాత్కాలిక జాగలల్ల ఉన్నోళ్లు ఇంకో 11 వేల మంది. అండ్ల పిల్లలే సుమారు 3 వేలు. తాత్కాలిక జాగ అంటే చానమందికి హోటల్ రూము, లాడ్జి రూము. వంటిల్లు ఉండది. నలుగురు ఒక్క మంచం చుట్టు బతుకుడు. కెటిల్‌ల నీళ్లు కాగబెట్టుకొని నూడుల్స్ తినుడు. బడి రెండు బస్సుల దూరం. వారాలని చెప్పి నెలలు గడుపుడు.

కరోనా వచ్చినప్పుడు వేల్స్ ఒక మంచి పని చేసింది. 2020 మార్చిల రోడ్డు మీద ఒక్క మనిషి కూడా పండొద్దని అందరికీ జాగ చూపిచ్చింది. కరోనా పోయినంక కూడా ఆ తొవ్వ ఇడిసిపెట్టలే. అందుకే హోటళ్ల లెక్క అంత పెద్దగ కనిపిస్తది. వేరే జాగలల్ల ఆ మనుషులు పుట్‌పాత్ మీద ఉంటరు, లెక్కలకే రారు. ఈ తేడా తెల్వక కొందరు "వేల్స్‌ల ఇల్లులేనోళ్లు పెరిగిన్రు" అని రాస్తరు.

మరి కొత్త ఇండ్లు కట్టరాదా? కడుతున్నరు. 2021 ఎన్నికలైనంక వేల్స్ సర్కారు ఐదేండ్లల్ల 20 వేల సోషల్ ఇండ్లు, అవీ కరెంటు, గ్యాసు తక్కువ గుంజేటివి, ఇస్తమని మాటిచ్చింది. దగ్గర దగ్గర 200 కోట్ల పౌండ్లు పెట్టింది. చిన్న దేశానికి అది చిన్న పైస కాదు. గని 2024 సెప్టెంబర్‌ల ఆడిట్ వేల్స్ లెక్క తీసి, ఉన్న బడ్జెట్‌తోటి 20 వేలు కావు, ఇంకా 50 కోట్ల పౌండ్ల కంటే ఎక్కువే కావాలె అని చెప్పింది. పైగా ఆ 20 వేలల్ల కొత్తగ కట్టినవే కాదు, మార్కెట్ల కొన్నవి, ఖాళీగ పడి ఉంటే బాగు చేసినవి కూడా కలుపుతున్నరు. నాకైతే అండ్ల తప్పు కనిపించలే. హోటల్ రూముల ఉన్న పిల్లకు ఇల్లు కొత్తదా పాతదా అని ఉండది. కాకపోతే ఓట్లప్పుడు "20 వేలు కట్టినం" అని చెప్తే మాత్రం అడగాలె.

ఎందుకు ఆగిపోయిందంటే, ఒక్కసారే నాలుగు దిక్కుల నుంచి దెబ్బ పడ్డది. కరోనా, ఉక్రెయిన్ యుద్ధం తర్వాత కట్టె, ఇటుక, ఇనుము ధరలు ఎగబడ్డయి. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీ రేటు 2021 చివరిదాక 0.1 శాతం ఉండె, 2023 ఆగస్టుకు 5.25 అయింది. అప్పు మీద ఇండ్లు కట్టే అసోసియేషన్ల నడుము ఆడనే వంగింది. చిన్న మేస్త్రీలు, చిన్న కంపెనీలు దివాలా తీసినయి. నాలుగోది నేను అనుకోనిది: నదులు. 2021 జనవరిల వేల్స్ పర్యావరణ సంస్థ కొన్ని నదులల్ల ఫాస్ఫేట్ హద్దు గట్టిగ చేసింది. పొలాల ఎరువు, కోళ్ల ఫారాల పెంట, మోరీ నీళ్లు కలిసి నదులు పచ్చగ మారుతున్నయని. మంచిదే గదా. గని కొత్త ఇల్లంటే కొత్త మోరీ. ఆ నదుల పక్కన ఊళ్లల్ల ఇండ్ల పర్మిషన్లు ఆగిపోయినయి. నది బతకాలె, మనిషికి ఇల్లు కావాలె. ఇద్దరికీ తగువు పెట్టింది పాత మోరీ పైపులు.

ఇప్పుడు కిరాయి ముచ్చట. సోషల్ ఇంటి కిరాయి ఏడాదికి ఎంత పెంచాల్నో వేల్స్ సర్కారే హద్దు పెడతది. మామూలుగ ధరల పెరుగుదల మీద ఇంకో 1 శాతం. 2022 సెప్టెంబర్‌ల ధరలు 10.1 శాతం పెరిగినయి. పాత లెక్కల పోతే కిరాయి 11 శాతం పెరగాలె. జనం ఏమైపోవాలె? అందుకే 2023-24కు 6.5 శాతం కంటే ఎక్కువ పెంచొద్దని సర్కారు చెప్పింది. కష్టంల ఉండి మాట్లాడుకుంట ఉన్న కిరాయిదారును ఆ ఏడాది బాకీ కోసం వెళ్లగొట్టమని ఓనర్ సంస్థలు కూడా మాటిచ్చినయి. బాగున్నది. గని రిపేరు ఖర్చులు 6.5 కాదు గదా పెరిగింది. ఆ తేడా ఎవలు భరించాలె?

ఇండ్ల ఇంకో మడత ఉన్నది. సోషల్ ఇండ్లల్ల చానమంది కిరాయి భత్యం నుంచి పోతది, అది లండన్ పైస. వాళ్లకు కిరాయి పెరిగితే భత్యం పెరుగుతది. దెబ్బ తాకేది నడిమిట్లోళ్లకు. సూపర్ మార్కెట్ల, ముసలోళ్ల హోములల్ల పని చేసుకుంట, భత్యానికి కొంచెం పైన ఉన్నోళ్లకు. కిరాయి పెంచొద్దు అంటే కొత్త ఇండ్లు తగ్గుతయి, పెంచాలె అంటే వీళ్లు నలుగుతరు. రెండు దిక్కులా పేదోళ్లే. ఈ తక్కెడను ఎవరన్న సులువుగ చెప్తున్నరంటే వాళ్లు ఒక పళ్లెమే చూపిస్తున్నరని అర్థం.

భత్యం లండన్ చేతిల ఉంటే ఏమైతదో ఇంకో ఉదాహరణ. 2013 ఏప్రిల్‌ల లండన్ ఒక రూలు పెట్టింది. సోషల్ ఇంట్ల అవసరం కంటే ఒక బెడ్రూం ఎక్కువుంటే కిరాయి భత్యంల 14 శాతం కోత, రెండు అంతకంటే ఎక్కువుంటే 25 శాతం. జనం దాన్ని "బెడ్రూం పన్ను" అన్నరు. చిన్న ఇంటికి మారరాదా అని పెద్దమనుషులు అన్నరు. ఏడికి మారాలె? లోయలల్ల ఉన్నవన్నీ మూడు బెడ్రూంల ఇండ్లు. కుటుంబాల కోసం కట్టినవి. పిల్లలు పెద్దగయి పోయినంక మిగిలిన ఒంటరి మనిషికి ఒక్క బెడ్రూం ఇల్లు ఆ ఊళ్లనే ఉండది. లేని ఇంటికి మారనందుకు జుర్మానా.

ఇక ఇంటి నాణ్యత. నాకు అన్నిట్ల ఇదే ముచ్చట ఎక్కువ నచ్చింది. 2002ల వేల్స్ ఒక కొలమానం పెట్టింది, సోషల్ ఇల్లు అంటే ఎట్లుండాల్నో. 2012 కల్లా అన్ని ఇండ్లు ఆ లెక్కకు రావాలె అన్నరు, కాలే. 2020కి జరిపిన్రు. ఆఖరికి కొన్ని మినహాయింపులతోటి అందుకున్నరు. 2024 ఏప్రిల్ నుంచి కొత్త కొలమానం వచ్చింది. చలి ఆగాలె, కరెంటు తక్కువ కాలాలె, చెమ్మ, బూజు ఉండొద్దు. ప్రతి ఇంటికి ఏమేం చేస్తే ఆడికి చేరుతదో 2027 మార్చి కల్లా ప్లాన్ తయారుండాలె.

అండ్ల ఒక రూలున్నది: ఇల్లు చేతులు మారేటప్పుడు అన్ని గదులల్ల, మెట్ల మీద నేలకు పరుపు ఉండాలె. కార్పెటో, ఇంకోటో. చిన్న ముచ్చట అనిపిస్తది. గని ఇంతకు ముందు ఎట్లుండెనో తెలుసా? పాత కిరాయిదారు పోంగనే మంచిగున్న కార్పెట్ కూడా పీకి చెత్తల ఏసేటోళ్లు. శుభ్రం లేదని, తర్వాత రిపేరు మన మీద పడతదని. కొత్తగ వచ్చినోళ్లకు ఉత్త సిమెంటు నేల, మొలలు తేలిన చెక్కలు. హోటల్ రూముల ఏడాది ఉండి వచ్చిన తల్లికి ఇల్లు దొరికిందన్న సంబురం, ఆ నేల చూడంగనే సగం పోతది. మన దిక్కు ఉత్త నేల అంటే ఏం గాదు, చాప ఏసుకుంటం. ఆడ చలికి నేల మంచు గడ్డ లెక్కుంటది. పాకే పిల్లను ఏడ దించాలె? కార్పెట్ కోసం అప్పు చేసి, ఆ అప్పు కోసం కిరాయి తప్పి, కిరాయి తప్పినందుకు నోటీసు. కాయితం మీద రెండు లైన్ల రూలు ఈ గొలుసును తెంపుతది. కిరాయిదార్లు, వాళ్ల సంఘాలు ఏండ్ల తరబడి అడిగితే వచ్చిన రెండు లైన్లు అవి.

కాకపోతే పైసల ప్రశ్న ఆడనే నిలబడి ఉన్నది. వేల్స్ మొత్తం ఇండ్లల్ల నాలుగో వంతు 1919కి ముందు కట్టినవి. మందపాటి రాతి గోడలు, చలి పీల్చేటివి. ఒక్కో ఇంటిని వెచ్చగ చెయ్యాలంటే వేల పౌండ్లు కావాలె. అదే కిరాయి సంచిల నుంచి పాతది బాగు చెయ్యాలె, కొత్తది కట్టాలె, వడ్డీ కట్టాలె. ఒక్క దుప్పటి, నలుగురు అన్నదమ్ములు.

2025 మేల సెనెద్‌ల ఒక బిల్లు పెట్టిన్రు, ఇల్లులేనితనం మీద. పాత చట్టంల కౌన్సిల్ రెండు జల్లెడలు పట్టేది. ఒకటి, నువ్వు "ముందు వరస" మనిషివా అని: పిల్లలున్నరా, గర్భిణివా, రోగమున్నదా. ఒంటరి మగమనిషి ఆరోగ్యంగ ఉంటే జల్లెడల నుంచి జారిపోయేది. రెండు, ఇల్లు పోవుడు నీ తప్పేనా అని. బిల్లు ఈ రెండు జల్లెడలను మెల్లమెల్లగ తీసేయాలంటది. ఇల్లు పోయే ప్రమాదం ఉన్నదని 56 రోజుల ముందు కాదు, ఆరు నెలల ముందే కౌన్సిల్ కదలాలంటది. దవాఖానోళ్లు లాంటి వేరే సర్కారీ ఆఫీసులోళ్లు కూడా "నీకు పోనీకి ఇల్లున్నదా" అని అడిగి, లేకుంటే చెప్పాల్సినోళ్లకు చెప్పాలంటది. కౌన్సిల్ అడిగితే అసోసియేషన్లు ఇల్లు ఇయ్యాలంటది.

నేను ఈ బిల్లు దిక్కే ఉంటా. గని ఎదుటోళ్ల మాట కూడా ఉత్తది కాదు. ఇల్లులేనోళ్లకే ఇండ్లన్నీ పోతే, ఏండ్లసంది లైన్ల ఉన్న కూలి కుటుంబం ఎప్పుడు చేరాలె? ఇండ్లు పెరగకుండ హక్కులు పెంచితే లైన్ల ముందటి మనిషి మారుతడు గని లైను తగ్గది. మన దిక్కు లాటరీల రోజు ఫంక్షన్ హాలు ముందట చూసిన కదా. చీటీ వచ్చినామె, రానామె ఇద్దరూ ఒకే గల్లీ, తెల్లారేసరికి మాటల్లేవు. కొట్లాట చీటీ ఎందుకు ఇంత తక్కువున్నదని కావాలె గని ఒకల మీద ఒకలు కాదు.

వాయవ్యాన సముద్రం పక్కన గ్వినెద్ దిక్కు ముచ్చట వేరే. ఆడ ఇంటింటికీ వేల్స్ భాష మాట్లాడుతరు. పట్నం పైసలోళ్లు సెలవుల ఇండ్లని కొని, ఏడాదిల నాలుగు వారాలు ఉండి తాళం ఏస్తరు. ఊరి పిలగాడు పెండ్లి చేసుకొని ఇల్లు కొందామంటే ధర అందదు, టౌనుకు పోతడు. బడిల పిల్లలు తగ్గుతరు, భాష తగ్గుతది. 2023 ఏప్రిల్ నుంచి అసొంటి రెండో ఇండ్ల మీద కౌన్సిల్ పన్నుకు అదనంగ 300 శాతం దాకా ఏసే అధికారం ఇచ్చిన్రు. 2024 సెప్టెంబర్‌ల గ్వినెద్‌ల సొంత కాపురం ఇంటిని సెలవు ఇల్లుగ మార్చాలంటే పర్మిషన్ తీసుకోవాలని రూలు పెట్టిన్రు. ఇల్లు పోతే భాష పోతదని వాళ్లు చెప్పే దాక నాకు తట్టలే.

పట్టా ముచ్చట తేల్చలే అంటరేమో. మన దగ్గర నేను ఇంకా పట్టానే అడుగుతా. ఎందుకంటే సర్కారే ఓనర్ అయితే కప్పు కారినప్పుడు ఎవని దగ్గరికి పోవాలె, సర్కారు మారంగనే "ఖాళీ చెయ్" అంటే ఏం చెయ్యాలె, ఆ నమ్మకం మనకు లేదు. ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు తీసుకొని సొంత జాగల కట్టుకునుడే మనకు భద్రం అనిపిస్తది. కాకపోతే జాగ లేనోడు ఏం చెయ్యాలె? పట్నంల అడ్డా కూలీ, హాస్టల్ ఇడిసిన పిలగాడు, మొగుడు ఎల్లగొట్టిన ఆడామె, వీళ్లకు పట్టా ముచ్చట అందదు. వాళ్లకు కావాల్సింది రేపు పొద్దుగాల తాళంచెవి, కట్టగలిగిన కిరాయి, ఎవడూ వెళ్లగొట్టడన్న ధీమా. అసొంటి ఇండ్లు మన దగ్గర ఎవలు కడుతున్నరు? నేను ఇరవై ఏండ్లల్ల ఒక్క ధర్నాల కూడా "సర్కారు కిరాయి ఇండ్లు కావాలె" అని స్లోగన్ ఇయ్యలే. ఇచ్చుంటే బాగుండు అనిపిస్తున్నది.

తమ్ముడికి మాత్రం ఇండ్ల నుంచి అక్కరకొచ్చే ముక్క ఒకటి దొరికింది. వేల్స్‌ల 2022 డిసెంబర్ 1 నుంచి కిరాయి చట్టం కొత్తది. సోషల్ ఇల్లయినా ప్రైవేటు రూమయినా దాని కిందికే వస్తది. చేరిన 14 రోజులల్ల షరతులన్నీ రాసిన కాయితం ఓనర్ ఇయ్యాలె. అడ్వాన్స్ పైసలు 30 రోజులల్ల సర్కారు ఒప్పుకున్న స్కీముల జమ చెయ్యాలె. ప్రతి అంతస్తుల కరెంటు లైనుకు కలిపిన పొగ అలారం ఉండాలె. మామూలుగ నీ తప్పు లేకుండ ఖాళీ చెయ్యమంటే ఆరు నెలల నోటీసు, అదీ మొదటి ఆరు నెలలల్ల ఇయ్యనీకి లేదు. ఇంగ్లండ్ 2025ల చట్టం చేసి, తప్పు లేకుండ వెళ్లగొట్టుడే తీసేసింది, ఇప్పుడు ఈ ఒక్క విషయంల వేల్స్ వెనుక పడ్డది. ఓనర్ రెంట్ స్మార్ట్ వేల్స్ అనే దగ్గర రిజిస్టర్ అయ్యుండాలె, పేరు ఎవలైనా చూసుకోవచ్చు.

ఇవన్నీ వాయిస్ మెసేజ్ పెట్టిన. వారం తర్వాత ఫోన్ చేసిండు. ముగ్గురు దోస్తులు కలిసి పోయి ఓనర్‌ను కాయితం అడిగిన్రట. మొదలు గుర్రుమన్నడట, "మీ ముందటోళ్లు ఎవలూ అడగలే" అన్నడట. నాలుగు రోజులకు కాయితం ఈమెయిల్‌ల వచ్చింది, అలారం పెట్టనీకి మనిషొచ్చిండు. "అన్నా, ఎదురింటి ముసలామెతోటి దోస్తాన్ అయింది. 51 ఏండ్ల సంది అదే కౌన్సిల్ ఇంట్ల ఉన్నదట. కొనుక్కోమని రెండు సార్లు అడిగిన్రట, కొనలేదట" అన్నడు. ఎందుకట అని అడిగిన. "అడగలే అన్నా, రేపు అడిగి చెప్త" అన్నడు.